బూడిద రంగు చూపించమన్న మాస్టారు

మంగళవారం ఉదయం నందిగామ నుంచి ఆ ఫోన్ వచ్చేసరికి నేను జగ్గయ్యపేటలో మా స్టూడియో పైగదిలో, మానిటర్ వేడెక్కడం కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉన్నాను. తెర వెలిగించగానే రంగుల పని మొదలుపెట్టకూడదు, అది కుదురుకోవడానికి అరగంట ఆగాలి అన్నది దేవదానం మాస్టారి శాసనం. ఆ అరగంటలోనే ఆయన కూతురు ప్రసన్న గొంతు వినిపించింది. "అక్కా, నాన్న వెళ్లిపోయారు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు, అంతే." విన్నాను గానీ విన్నది మనసులోకి దిగలేదు. "సరేనమ్మా, బయల్దేరతాం" అన్నాను, ఎవరికో ఆల్బమ్ ఎప్పుడిస్తామో చెప్పినట్టు. ఫోన్ పెట్టేసి ఎదురుగా చూస్తే తెర నిండా ఆయన పెట్టించిన బూడిద రంగే ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది.

మన ప్రాంతపు ఫొటోగ్రాఫర్ల సంఘం వారు సంచికకు నాలుగు మాటలు రాసివ్వమన్నారు. అశ్రునివాళి, తీరని లోటు, ఆత్మకు శాంతి అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ మహనీయుడి జీవితం విషాదగాథ కాదు. ఆయన ఒంటరిగా ఒక యుద్ధం మొదలుపెట్టారు, చాలాకాలం నవ్వులపాలయ్యారు, చివరికి గెలిచారు. ఆ యుద్ధంలో ఆయన చేతిలో మొదట ఓడినదాన్ని నేనే కనుక ఈ విజయగాథ చెప్పే అర్హత నాకుంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. దేవదానం మాస్టారు చందర్లపాడులో వ్యవసాయ కూలీల ఇంట పుట్టారు. ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. బడి వదిలాక సాయంత్రాలు స్టూడియో చీకటిగదిలో ఫొటోలు కడిగేవారు. పదవీ విరమణ చేశాక నందిగామలో తన ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక చిన్న ఫొటో ప్రింటరు పెట్టుకున్నారు. ఆయన ఫొటోలు తీసేవారు కాదు. మనం తీసిన ఫొటోల్లో రంగు ఎక్కడ తప్పిందో చూసి సరిదిద్దేవారు. నల్లని మేనిఛాయ, తెల్లని మీసం, ఎవరికీ తలవంచని వెన్నెముక, వీటికి తోడు ముక్కు మీద కోపం. ఆయన చేత తిట్లు తినని ఆల్బమ్ డిజైనరు కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా ఒక్కరూ ఉండరు.

ఆ ముందుగది ఒక వింత. నాలుగు గోడలకూ బూడిద రంగు. కిటికీకి బూడిద రంగు తెర. పనికి కూర్చునేముందు ఆయన తొడుక్కునే చొక్కా కూడా అదే రంగు. ఆదివారం చర్చికి మల్లెపువ్వులాంటి చొక్కాతో వెళ్లొచ్చి, పని ఉంటే మళ్లీ ఆ బూడిద చొక్కాలోకి మారేవారు. పండగలకి జనం ఇళ్లకి లేత గులాబీ, చిలకపచ్చ వేయించుకుంటుంటే ఈయన బూడిద వేయించుకోవడం చూసి పెయింటరే భయపడ్డాడట. కొత్తగా వచ్చినవాళ్లు "ఇంట్లో ఏమన్నా తగలబడిందా మాస్టారూ?" అని అడిగేవారు. "లేదయ్యా. బయట రంగులన్నీ చూసొచ్చిన కళ్లు కదా, ఇక్కడ కడుక్కోండి" అనేవారు ఆయన. చుట్టూ ఏ రంగున్నా అది తెర మీద పడి మన కంటిని మోసం చేస్తుందని ఆయన సిద్ధాంతం.

నేను మొదటిసారి ఆ గదిలో అడుగుపెట్టిన రోజు చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని ఉన్నాను. దుకాణదారుల ఇంటి కోడలిని, పెద్దమనిషిని కలవడానికి వెళ్తూ ఆ మాత్రం కట్టుకోనా! ఆయన నన్ను గుమ్మంలోనే ఆపేశారు. "ఆ చీరతో తెర ముందు కూర్చోబాక తల్లీ. పెళ్లికూతురి బుగ్గల మీద పసరు పూసినట్టు కనపడుద్ది. అది తగ్గిద్దామని నువ్వు గులాబీ కలుపుతావ్. ప్రెస్సులోకి వెళ్లేసరికి ఆ పిల్లకి జ్వరమొచ్చినట్టు ఉండుద్ది." ఈలోగా ఆయన సతీమణి కరుణమ్మగారు లోపల్నించి ఒక బూడిద రంగు శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పారు. నేను సన్మానం చేస్తున్నారనుకుని దణ్ణం కూడా పెట్టాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఇంతకీ ఆ రోజు నేనక్కడికి వెళ్లింది సన్మానానికి కాదు, పరువు పోయి వెళ్లాను. మా ఆయన ఫొటోలు తీస్తారు, నేను ఆల్బమ్ చేస్తాను. అంతకు కొద్దినెలల ముందే ముచ్చటపడి పెద్ద మానిటర్ ఒకటి కొన్నాం. అంచులు వంగి, అద్దంలా తళతళలాడుతూ, వెలిగిస్తే గది మొత్తం పట్టపగలు. దాంట్లో ఏ ఫొటో చూసినా దివ్యంగా ఉండేది. ప్రెస్సు నుంచి వచ్చేసరికి మాత్రం నల్లగా, దిగులుగా ఉండేది. తెర వెలుగు మితిమీరి ఉంటే కాగితం చీకటిగానే కనిపిస్తుందన్న ఇంగితం మాలో ఎవరికీ లేదు. ప్రెస్సువాళ్లే రంగు తినేస్తున్నారని అందరం నమ్మేవాళ్లం. అందుకని పంపేముందు ప్రతి ఫైల్లో వెలుగు ఒక పిసరు పెంచేవాళ్లం. దానికి మా ఊరి డిజైనర్లం ఒక పేరు కూడా పెట్టుకున్నాం, "ప్రెస్సు వాటా" అని. దేవుడికి ప్రసాదం తీసిపెట్టినంత శ్రద్ధగా ఆ వాటా తీసిపెట్టేవాళ్లం.

అలాంటి రోజుల్లో కంచికచర్ల పెళ్లి ఆల్బమ్ ఒకటి మా చేతికొచ్చింది. పెళ్లికూతురు శ్రావణి, బ్యాంకు ఉద్యోగి, చామనఛాయ కన్నా ఒక మెట్టు నలుపు, చక్కటి కళ గల పిల్ల. పెళ్లికొడుకు తల్లి వచ్చి నా చెవిలో, "అమ్మాయికి కాస్త గ్లో పెంచండి, మా బంధువుల్లో చూపించుకోవాలి" అని చెప్పివెళ్లారు. అడిగింది అత్తగారు, చేతిలో ఉన్నది విద్య, ఇక నాకు అడ్డేముంది? గ్లో పెంచాను. దాని మీద ప్రెస్సు వాటా కూడా వేశాను. ఆల్బమ్ వచ్చాక శ్రావణి మా షాపులోనే కూర్చుని పేజీలు తిప్పింది. మధుపర్కాల తెలుపు సున్నం కొట్టినట్టు నీలంగా వెలిగిపోతోంది, నేత కూడా కనపడటం లేదు. మొహం పిండిలో ముంచి తీసినట్టుంది. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. ఆల్బమ్ మూసి నా వైపు తోసి, "పెళ్లి బాగా జరిగిందండి ఈవిడకి. మరి నా ఫొటోలేవి?" అంది.

నా వృత్తిజీవితంలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. మర్నాడే నందిగామ బస్సెక్కాను. మాస్టారు ఆల్బమ్ అంతా చూసి, మానిటర్ ఏదని అడిగారు. చెప్పాను. "ఎవర్నడిగి కొన్నావ్?" అన్నారు. మా ఆయన్నడిగానండి అన్నాను. "ఆయనెవర్నడిగాడు?" షాపువాళ్లనండి అన్నాను. "షాపాయన ఎవర్నడిగాడు?" అన్నారు. నేను ఆల్బమ్ తీసి సంచిలో పెట్టుకోబోయాను. "రేపు ఎటూ విజయవాడలో పనుంది. నాతో రా. మానిటరంటే ఏంటో చూపిస్తా" అన్నారు. ఆ ప్రయాణమే నాకు విద్యాభ్యాసం.

విజయవాడ దుకాణంలో మాస్టారు పెట్టిన పరీక్ష ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. ఆయన భుజానికి ఒక సంచి. అందులో తనే అచ్చు వేసిన ఒక ఫొటో కాగితం, ఒక మధుపర్కం ముక్క, ప్లాస్టిక్ కవర్లో చందర్లపాడు ఎండుమిరపకాయ ఒకటి, ఆ మూడింటి ఫొటోలూ ఉన్న పెన్‌డ్రైవు. దుకాణంలో తెరలన్నిటి మీదా జలపాతాలు, రామచిలకలు. నడివయసు సేల్స్ ఆయన ఒకరు ఉత్సాహంగా ఎదురొచ్చి "సార్, ఇది వంద కోట్ల రంగులు చూపిస్తుందండి" అన్నారు. "నాకన్ని వద్దు బాబూ. ఒక్క రంగు చాలు, మా పెళ్లికూతురి మెడ రంగు" అన్నారు మాస్టారు. "చిలకలు ఏ తెర మీదైనా బావుంటాయ్. బూడిద రంగు చూపించు." సేల్స్ ఆయన తెల్లబోయి, "బూడిదా సార్?" అన్నారు. "అవును, తెర నిండా ఉత్త బూడిద పెట్టు. ఏ మూలన్నా పచ్చగా గానీ గులాబీగా గానీ తిరిగిందా, దాన్నక్కడే ఉంచేసెయ్."

బూడిద పెట్టారు. ఒక్కొక్క తెర ముందూ మాస్టారు నిలబడ్డారు, గొంతుక్కూర్చున్నారు, లేచి మునివేళ్ల మీద నిలబడ్డారు, ఎడమకి జరిగారు, కుడికి జరిగారు. తల కదిలినప్పుడల్లా రంగు మారే తెర పనికిరాదని ఆయన చూస్తుంటే, దుకాణంలోవాళ్లు పెద్దాయన వ్యాయామం చేస్తున్నారనుకుని కుర్చీ తెచ్చి వేశారు. తరువాత పెన్‌డ్రైవులోని మిరపకాయను తెర మీద పెట్టించి, సంచిలోని మిరపకాయను పక్కన పట్టుకుని చూశారు. సగం తెరల మీద అది కుంకుమలా మండిపోతోంది, తొడిమ దగ్గర ముడతలే లేవు. "ఎరుపు ఎక్కువైతే మిరపకాయ కనపడదమ్మా, ఎరుపే కనపడుద్ది" అన్నారు నాతో. అచ్చు ఫొటోను గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూసి, మళ్లీ లోపలికొచ్చి తెరతో పోల్చారు. అలా పది సార్లు తిరిగారు.

చివరికి ఆయన వేలు పెట్టి చూపించిన మానిటర్ మూలన పడి ఉన్న ఒక సాదాసీదా పెట్టె. వంపుల్లేవు, మెరుపుల్లేవు, గరుకు అద్దం, ఎవరూ ఆగి చూడరు. కానీ తెర నాలుగు మూలలా ఒకే బూడిద. ఎటు నిలబడినా అదే మొహం. ప్రెస్సు అచ్చు వేయగల రంగుల్ని దాదాపు అన్నిటినీ చూపగలదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రంగు కొలిచే పరికరం తగిలిస్తే అది చెప్పిన మాట వింటుంది. "షాపులో మెరిసేది కొనబాక. ఇంటికొచ్చి నిజం చెప్పేది కొనుక్కో" అన్నారు. ఆ వాక్యం నేను పెద్దక్షరాలతో రాయించి మా పైగదిలో కట్టుకున్నాను, బూడిద రంగు కాగితం మీదే.

అదే కొన్నాం. మాస్టారు మా ఇంటికొచ్చి తనే ఆ రంగు కొలిచే పరికరం తెరకి తగిలించి, వెలుగు తగ్గించి తగ్గించి ఒకచోట ఆపారు. నా ప్రాణం ఉసూరుమంది. "ఇదేంటండీ మాస్టారూ, కళ తప్పిపోయింది?" అన్నాను. "కళ తప్పలా, పొగరు తగ్గింది. వారం రోజులుండు, నీ కన్నే సర్దుకుంటది" అన్నారు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పారు. "తెర కూడా మనలాంటిదే. రోజుకింత అబద్ధం నేర్చుకుంటది. నెలకోసారి ఈ పరికరం తగిలించి దీనిచేత ప్రమాణం చేయించాలి." నాటి నుంచి ప్రతి నెలా మొదటి శనివారం మా మానిటర్ ప్రమాణం చేస్తూనే ఉంది. మా ఆయన ఆ రోజు తనకు కూడా పరీక్షేమోనని బిక్కుబిక్కుమంటూ తిరుగుతారు.

శ్రావణి ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి చేశాను. ప్రెస్సు వాటా లేదు, గ్లో లేదు. ఆమె రంగు ఆమెకి ఇచ్చేశాను. ఇచ్చేముందు మాస్టారే మా షాపుకొచ్చారు, ఎందుకంటే పెళ్లికొడుకు తల్లి కూడా వస్తున్నారు. ఆవిడ తీసుకోకపోతే ఊళ్లో నా పేరు గంగలో కలిసినట్టే. ఆవిడ ఆల్బమ్ తెరవకముందే "నేను చెప్పిన గ్లో పెట్టారా?" అన్నారు. మాస్టారు పాత ఆల్బమ్‌లోని ఫొటో ఒకటి, కొత్తదాంట్లోది ఒకటి తీసి శ్రావణికి చెరోపక్క పెట్టి వాకిట్లో వెలుతురులో నిలబెట్టారు. "మనిషి పక్కన పెట్టి చూడండమ్మా. ఏది సరిపోతే అది తీసుకెళ్లండి" అన్నారు. ఆవిడ ఆ ఫొటో, ఈ ఫొటో, మధ్యలో కోడలు, మార్చి మార్చి చూశారు. చాలాసేపటికి కొత్తదాని మీద చెయ్యి వేసి, "ఇదేనండి మా పిల్ల" అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "మరి నన్ను కూడా నా రంగులోకి తెస్తారా? పాతదాంట్లో నేనూ సున్నంబొమ్మలాగే ఉన్నా" అని అడిగారు. ఆ రోజు మాస్టారు మీసం కింద నవ్విన నవ్వు ఏ కెమెరాకీ దొరకలేదు.

"మనిషి పక్కన పెట్టి చూడు. సరిపోతే ఇచ్చెయ్." ఆయన గురూపదేశమంతా ఆ రెండు ముక్కలే. దాని వెనక ఉన్న గాయం నాకు తరువాతెప్పుడో తెలిసింది. ఆ గదిలో ఒకే ఒక్క ఫొటో ఉండేది, ఆయన తల్లిది. ఆవిడ బతికుండగా తీయించుకున్నది ఒక్కటే నలుపు తెలుపు ఫొటో. ఆవిడ పోయాక దాన్ని పెద్దది చేయించమని ఇస్తే, స్టూడియో ఆయన అభిమానం కొద్దీ దాని మీద గులాబీ రంగులద్ది, తెల్లగా చేసి ఇచ్చాడు. చిన్న ఫొటో ఆ హడావుడిలో ఎటో పోయింది. "తిట్టలేకపోయానమ్మా. కొడుకు డ్రాయింగ్ మాస్టారవుతున్నాడు, తల్లి కళగా ఉండాలని చేసాడు పాపం. కానీ ఎండలో మిరపచేలో కాయలు కోసిన మనిషి. ఆ రంగు నా దగ్గర లేకుండా పోయింది" అన్నారు. ఆ పెద్దమనిషి కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూసింది అప్పుడే.

మరి గోడ మీదున్న ఫొటోలో ఆవిడ గులాబీ రంగులో లేరే అని అడిగాను. మంచి మానిటర్ చేతికొచ్చాక ఆయన చేసిన మొదటి పని అదేనట. ఆ పూతల ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించి, అద్దిన రంగంతా తీసేశారు. కొత్త రంగుకి కొలత ఏది? "మా అక్క అనేది, నాకు అమ్మ చేతులొచ్చినయ్యని" అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజేతిని ఫొటో పక్కన పెట్టి చూపించారు. తన చేతి రంగునే కొలతగా పెట్టుకుని, అచ్చు వేయడం, పక్కన పెట్టుకోవడం, మళ్లీ అచ్చు వేయడం, అలా తల్లిని వెనక్కి తెచ్చుకున్నారు ఆ మనిషి. ఆ ముంజేతికీ ఆ తల్లి చెంపకీ నేను వెతికినా తేడా దొరకలేదు.

ఆయనకొక్కసారి మాత్రం ధైర్యం సడలింది. కంట్లో శుక్లాలకు ఆపరేషన్ అయ్యింది. కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి కిటికీలోంచి ఆకాశం చూసి, "ఇంత నీలం ఎప్పటినుంచి ఉంది?" అన్నారట. శుక్లం కమ్మిన కన్ను లోకాన్ని పసుపుపచ్చగా చూపిస్తుందని డాక్టరు చెప్పగానే ఆయన కుప్పకూలిపోయారు. నాకు ఫోన్ చేసి, "పద్మా, ఇన్నేళ్లూ పచ్చకన్నుతో జనం మొహాలు దిద్దా. అందరికీ తప్పు రంగులిచ్చానేమో" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఆయన దిద్దిన ఆల్బమ్‌లు ఎవరింట్లో ఉన్నాయో ఆ ఇళ్లకు బస్సుల్లో తిరగడం మొదలుపెట్టారు. కంచికచర్లలో శ్రావణి ఇంటికి నేనూ వెంట వెళ్లాను. ఆ మధ్య ఆవిడ బిడ్డ పుట్టినరోజు ఫొటోలు ఆయనే దిద్దారు. బిడ్డని వాకిట్లో నిలబెట్టి, ఫొటో బుగ్గ పక్కన పెట్టి, కొత్త కన్నుతో చూశారు. చూసి, అరుగు మీద కూర్చుండిపోయారు. "సరిపోయిందమ్మా" అన్నారు. కంటిని నమ్ముకోకుండా నెలనెలా పరికరంతో ప్రమాణం చేయించారు కనుక, కన్ను అబద్ధమాడినా తెర ఆడలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పసివాడిలా కిటికీ పక్కన కూర్చుని, కనపడిన ప్రతి రంగునూ పేరు పెట్టి చెప్పారు. దారిపొడవునా మాకు ముందు సీట్లో కూర్చున్నాయన వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఇక ఆ మంగళవారం. నేనూ మా ఆయనా నందిగామ చేరేసరికి వాకిట్లో షామియానా వేశారు. గేటుకి నిలువెత్తు ఫ్లెక్స్ కట్టారు. "ప్రభువునందు నిద్రించిన దేవదానం మాస్టారు" అని అక్షరాలు, చుట్టూ పావురాలు, నీలాకాశం. మధ్యలో మాస్టారు. పాలమీగడలాంటి ఒళ్లు, గులాబీ పెదాలు, మీసం ఒక్కటే ఆయనది. కట్టింది ఎవరో పరాయివాళ్లు కాదు, ఆయన చేత తిట్లు తిని పైకొచ్చిన మన డిజైనర్లే. నాకు ఒళ్లు మండిపోయింది. కరుణమ్మగారు భర్త పక్కన కూర్చుని అటే చూస్తున్నారు. నన్ను దగ్గరికి పిలిచి, "ఎవరమ్మా ఆ గేటు దగ్గరాయన? మా ఇంటికెందుకు కట్టారు?" అన్నారు. కట్టినవాళ్లు తలవంచుకున్నారు. వాళ్లలో పెద్దవాడు నా దగ్గరికొచ్చి, "ప్రేమతోనే చేసామండి. ఆఖరిసారి కదా, కళగా ఉండాలని" అన్నాడు. ఆ మాట నేను ఆ ఇంట్లో ఇంతకుముందే విన్నాను. నా కోపమంతా దిగిపోయింది.

మూడింటికి ప్రార్థన, ఆ వెంటనే సమాధికి. పెట్టె తల దగ్గర పెట్టడానికి ఒక్క ఫొటో కావాలి. మా ఆయన ఒకప్పుడు కిటికీ పక్కన బూడిద చొక్కాలో తీసిన ఫొటో ఉంది. కరుణమ్మగారు లేచి లోపలికెళ్లి ఆ పాత శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పారు. ఆయన గదిలో ఆయన కుర్చీలో కూర్చుని మానిటర్ వెలిగించాను. తెర నిండా బూడిద వచ్చింది. అరగంట ఆగాలి. బయట జనం కదులుతున్నారు, పాస్టర్ గారు గడియారం చూసుకుంటున్నారు. బంధువుల్లో పెద్దాయనొకరు తలుపు తోసి, "ఇట్టాంటప్పుడు కూడా అరగంటేంటమ్మా?" అన్నారు. "ఆగాలండి. మాస్టారు ఒప్పుకోరు" అన్నాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

మొదటి కాగితం బయటికి వచ్చింది. పక్కన పెట్టి చూద్దామంటే ఆ మనిషి లేరు. అప్పుడు ప్రసన్న తనంతట తనే చెయ్యి చాపింది. తండ్రి చేతులు ఆమెకొచ్చాయని ఊరంతా అంటారు. ముంజేతిని ఫొటో పక్కన పెట్టి, గుమ్మం దగ్గర వెలుతురులో చూసి, "అక్కా, నాన్న ఇంత రంగుండరు" అంది మెల్లగా. చూసుకుంటే నిజమే. తెర సరిగానే చెప్పింది, నేనే వినలేదు. ఇష్టమైన మనిషి కదా అని నా చెయ్యి నాకు తెలియకుండానే ఒక పిసరు వెలుగు పెంచింది. ఇన్నేళ్ల శిష్యరికం తరువాత, ఆయన గదిలోనే, ఆయన మొహం మీదే నేను ప్రెస్సు వాటా వేశాను. బయట ఫ్లెక్స్ కట్టినవాళ్లని తిట్టుకున్నందుకు నాకు తగిన శాస్తి జరిగింది. ఆ పిసరు తీసేసి మళ్లీ అచ్చు వేశాను. ప్రసన్న చెయ్యి పెట్టింది. చేతికీ చెంపకీ మధ్య ఇక తేడా లేదు.

ఆ ఫొటో పట్టుకుని ప్రసన్న బయటికి నడిచింది. నల్లగా, ఠీవిగా, ఇప్పుడే ఎవరినో తిట్టబోతున్నట్టు ఉన్నారు మాస్టారు. కరుణమ్మగారు ఆ నల్లని చెంప మీద వేళ్లు ఆనించి, "వచ్చారా!" అన్నారు. అంతసేపూ ఒక్క చుక్క రాని ఆవిడ కళ్లు అప్పుడు వర్షించాయి. ఎవరూ చెప్పకుండానే మన డిజైనర్లు నలుగురూ గేటు దగ్గరికి వెళ్లి ఫ్లెక్స్ విప్పి, చుట్టి, పక్కన పెట్టేశారు. ఆ తరువాత అంతిమయాత్రలో అందరికన్నా ముందు నడిచినవాళ్లు వాళ్లే. ఆ సాయంత్రమే వాళ్లలో పెద్దవాడు నన్నడిగాడు, "మాకూ ఒక మానిటర్ చూసిపెట్టండి పద్మగారూ. విజయవాడ మీతో వస్తాం. బూడిదే చూపించమంటాం." యుద్ధం గెలిచింది ఎవరో నేను వేరే చెప్పనక్కర్లేదు.

అంతమాత్రాన లోటు లేదని కాదు. నా పని చూసి తిట్టేవాళ్లు ఇక లేరు. ఏ రంగు దగ్గరైనా అనుమానం వస్తే ఫోన్ చేయడానికి నంబరుంది, ఎత్తే మనిషి లేరు. పరికరాలు దొరుకుతాయి, మానిటర్లు ఇంకా మంచివి వస్తాయి. పరాయి ఆడపిల్ల మేనిఛాయ కోసం ఎండలో బస్సులెక్కి తిరిగే మనిషి ఈ సీమలో మళ్లీ ఎప్పుడు పుడతారో నాకు తెలియదు. ఆ బూడిద గది తాళం ప్రసన్న నా చేతిలో పెట్టింది. ప్రతి మొదటి శనివారం వెళ్లి ఆయన మానిటర్ చేత కూడా ప్రమాణం చేయిస్తానని మాటిచ్చాను.

నిన్న ప్రార్థన కూడిక అయ్యాక ఆ గదిలోనే, ఆయన తల్లి ఫొటో పక్కన ఆయన ఫొటో కట్టాం. ప్రసన్న కాసేపు చూసి, రెండింటి మధ్య తన చెయ్యి ఆనించింది. చేలో కాయలు కోసిన ఆ తల్లి, ఆమెను పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న కొడుకు, ఆ కొడుకుని ఒక్క రోజు కూడా పోగొట్టుకోని కూతురు, ముగ్గురిదీ ఒకటే రంగు. మాస్టారండీ, మీరు చెప్పినట్టే మనిషి పక్కన పెట్టి చూసాం. సరిపోయారు.